కలిపిన బియ్యం

సంచి నేల మీద పెట్టకూడదు. గురువారం సిరిసిల్లలో బస్సెక్కినప్పటి నుంచి సారక్కకు అదొక్కటే ధ్యాస. ఆధార్ కార్డు చూపించి ఆడవాళ్లకు ఊరికే ఇచ్చే సున్నా టికెట్ తీసుకున్నప్పుడు సంచి చంకలో ఉంది. వేములవాడలో బస్సు మారినప్పుడు నెత్తి మీద ఉంది. జగిత్యాలలో కళావతి ఇంటికి చేరాక మంచం మీద, గోడవైపు, తన పాత చీరల కింద చేరింది. మూడు రాత్రులు ఆ సంచికి కాపలాగా ఆమె ఓ పక్కకు ముడుచుకునే పడుకుంది.

సంచిలో ఐదు సేర్ల బియ్యం ఉన్నాయి. పసుపు, కాస్త నెయ్యి వేసి కలిపినవి. వాటితో పాటు ఐదు ఎండుకొబ్బరి కుడుకలు, పోకలు, ఖర్జూరాలు, పసుపు కొమ్ములు, మడత విప్పని ఆకుపచ్చ చీర, రైక గుడ్డ. పెళ్లయిన ఆడబిడ్డకు ఐదేళ్లకోసారి పుట్టింటివాళ్లు పోసే ఒడిబియ్యం.

తప్పు చేశానని సారక్కకు తెలుసు. ముందు ఆడబిడ్డను అడగాలి. ఆమె సరేనంటే రోజు చూసుకోవాలి. ఆ తర్వాతే బియ్యంలో పసుపు పడాలి. ఒకరి పేరు మీద కలిపిన బియ్యం ఇంకొకరికి పోయరు, కుండలో వేసి వండుకోరు, బయటికి తెచ్చిన గడప లోపలికి మళ్లీ తీసుకుపోరు. ఇదంతా తెలిసిన మనిషే గురువారం పొద్దున చాటలో బియ్యం పోసి, పసుపు చల్లి, రెండు చేతులతో కలిపేసింది. గోడకు ఆనుకుని కూర్చున్న మొగుడు లస్మయ్య చూసి, "అడిగినవా?" అన్నాడు.

"పోయినంక అడుగుత."

"అడుగకుంటనే కలిపినవా? వద్దంటే ఏం జేస్తవే?"

"కలుపకపోతే నేను వేములవాడ కాడ్నే బస్సు దిగి వాపసొస్త" అంది సారక్క. అది నిజం. ఆమెకు తన సంగతి తనకు తెలుసు.

కళావతి సారక్క కడుపున పుట్టిన పిల్లే. కానీ సారక్కను 'చిన్నమ్మా' అని పిలుస్తుంది. పది నెలల పిల్లగా ఉన్నప్పుడు సారక్కకు టీబీ వచ్చింది. పాలివ్వద్దు, పిల్లను దగ్గరికి రానివ్వద్దు అని డాక్టర్ గట్టిగా చెప్పాడు. కోరుట్ల నుంచి అక్క రాజవ్వ వచ్చి, నాలుగు నెలలు చూసుకుంటానని పిల్లను ఎత్తుకుపోయింది. రాజవ్వకు పిల్లలు లేరు. నాలుగు నెలలు పద్నాలుగయ్యాయి, ఆ తర్వాత నలభై మూడేళ్లయ్యాయి. కళావతి కోరుట్లలో రాజవ్వనే 'అవ్వా' అని పిలుస్తూ పెరిగింది, జగిత్యాలలో కరుణాకర్‌కు ఇల్లాలైంది, ఇంటి ముందు గదిలో మిషన్ పెట్టుకుని రైకలు కుడుతోంది. మొదటిసారి నుంచీ ఆమె ఒడిలో బియ్యం పోసింది రాజవ్వే. కిందటేడు రాజవ్వ పోయింది. సంవత్సరీకం కూడా అయిపోయింది. ఇది ఐదో ఏడు. కళావతికి ఇప్పుడు ఒడిబియ్యం పోసే ఇల్లు లేదు.

ఆ మాట అడగడానికే సారక్క వచ్చింది. మూడు రోజుల్లో అడిగిందేమిటంటే, వానలు పడ్డాయా, బీపీ గోళీ వేసుకున్నావా, గేటుకు గొళ్లెం పెట్టారా. గొళ్లెం సంగతి రోజుకు నాలుగుసార్లు అడిగింది.

ఆదివారం మధ్యాహ్నం కళావతి కూతురు ప్రీతి, "చిన్నమ్మమ్మా, లెవ్వు, సినిమాకు పోదాం" అని పట్టుబట్టింది. ప్రీతి డిగ్రీ మూడో ఏడు. ఆ సినిమా అప్పటికే ఒకసారి చూసింది.

"ఏం సినిమానే అది?"

"మల్టీవర్స్ సినిమా. అంటే మస్తు లోకాలుంటయ్. ఒక్క మనిషికే ఒక్కో లోకంల ఒక్కో బతుకు. ఒక దాంట్ల టీచరైతవ్, ఇంకోదాంట్ల రాణివైతవ్."

"ఒక్క బతుకే ఈడ్వలేక నడుములు పోయినయ్. గవన్నిట్ల బీడీలే చుట్టాల్నా?"

కళావతి మిషన్ దగ్గర్నుంచి నవ్వింది. "నీ మంచం మీది బట్టలు ఉతుకుదామనుకున్న చిన్నమ్మా. సరే, వచ్చినంక ఉతుకుత తియ్యి."

సారక్క మంచం వైపు చూసింది. తను లేనప్పుడు ఎవరైనా ఆ మంచం సర్దితే! అందుకే సినిమాకు బయలుదేరేటప్పుడు సంచి చంకన పెట్టుకుంది. "మందులున్నయ్" అంది. ఐదు సేర్ల మందులేంటని ఎవరూ అడగలేదు. ముసలివాళ్ల సంచుల గురించి ఎవరూ అడగరు.

టాకీసు గేటు దగ్గర బ్యాగులు చూసే ఆడమనిషి మాత్రం అడిగింది.

"ఏందవ్వా గింత బరువు? బయటి తిండి లోపలికి రానియ్యం."

"తిండి గాదు బిడ్డా."

"మరేంది, రాళ్లా?" అంటూ ఆమె జిప్పు లాగింది. పచ్చటి బియ్యం, పైన ఒక కుడుక బయటపడ్డాయి. "అయ్యో, ఒడిబియ్యం! ఎవలకు పోస్తున్నవ్? టాకీసులనా?"

వెనక వరసలో నిలబడ్డవాళ్లు నవ్వారు. ప్రీతి తల వంచి సంచిలోకి చూసింది. "ఎవలకు చిన్నమ్మమ్మా?"

కళావతి బియ్యం చూసింది. ఆకుపచ్చ చీర అంచు చూసింది. ఆ తర్వాత సారక్క మొహం చూసింది. టికెట్లున్న ఫోన్ గేటు మనిషికి చూపించింది.

"సంచి కౌంటర్ల పెట్టిపోవాలె" అంది గేటు మనిషి.

"అక్కడ కింద పెడ్తరు గదా" అంది సారక్క.

"మరి నెత్తిన మోస్తమా?" అందిగానీ, ఆమెకే మనసొప్పలేదు. జిప్పు తనే మూసి, సంచిని తాకిన చేతిని కళ్లకద్దుకుంది. "పో అవ్వా. లోపల గూడ కింద పెట్టకు. కూల్‌డ్రింకులు ఒలకబోస్తరు."

లోపల సారక్క నడిమి సీటులో కూర్చుంది. కుడివైపు ప్రీతి, ఎడమవైపు కళావతి. సంచి తన ఒడిలో. కళావతి తెర వైపే చూస్తోంది. ఇంకా బొమ్మ పడలేదు, తెర ఖాళీగా ఉంది.

సినిమాలో ఒకామె మేడ మీద ఆరేసిన బట్టలు తీసుకురావడానికి మెట్లెక్కింది. బట్టలు భుజాన వేసుకుని కిందికి దిగితే ఆ ఇల్లు తనది కాదు. మొగుడు వేరే, పిల్లలు వేరే, ఆమెను పిలిచే పేరూ వేరే. భయపడి మళ్లీ పైకి పోయింది. మళ్లీ దిగింది. ఇంకో ఇల్లు. దిగిన ప్రతిసారీ తెర మీద తెలుగు అక్షరాలు పడుతున్నాయి. సారక్క బడికి పోలేదు. బీడీల చాట కింద పరిచిన పేపర్లు చూసీ చూసీ చదువు నేర్చుకుంది. అక్షరం కనిపిస్తే నోరు ఊరుకోదు.

"రెం... డో... మే... డ" అని పైకే చదివింది.

వెనక నుంచి ఎవరో, "అవ్వా, నువ్వు సదివెటాలకు సినిమా అయిపోతది" అన్నారు. ఆ మూల ఈ మూల నవ్వులు.

తాడు మీద ఆరేసిన బట్టలను బట్టి ఆమె ఏ ఇంట్లోకి దిగబోతోందో తెలుస్తుంది. ఒక మేడ మీద ఒకే ఒక చీర. ఆ ఇంట్లో ఆమెకు పెళ్లి కాలేదు, ఎక్కడ చూసినా పుస్తకాలే. ఇంకో మేడ మీద తాడు నిండా చేపలు ఆరేసి ఉన్నాయి, మెట్ల కింద సముద్రం. ఒక ఇల్లు మధ్యలో ఒంటెలా లేచి నిలబడి, ఊరు దాటి నడిచిపోయింది. లోపల పిల్లలు అన్నం తింటూనే ఉన్నారు. ముందు వరసలోవాళ్లు ఈలలు వేశారు. ఇద్దరు లేచి వెళ్లిపోయారు.

"సమజైతున్నదా?" ప్రీతి చెవిలో అడిగింది.

"అయితున్నది." నిజంగానే అవుతోంది. అర్థం కానిది సినిమా కాదు, ఎడమవైపు కూర్చున్న మనిషి.

ఐదో మేడ మీద తాడుకు చంటిపిల్ల గౌను ఒకటే వేలాడుతోంది. పసుపు రంగుది. ఆమె ఆ గౌను తీసుకుని మెట్లు దిగింది. కింద ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. ముసలమ్మ ఆమెను చూసి, "అమ్మా, ఇంత ఆలస్యమా!" అంది. ఆ లోకంలో కూతురికి ఎనభై ఏళ్లు, తల్లికి పాతికేళ్లు. తల్లి చేతిలో గౌను.

సారక్క కళ్లు మూసుకుంది. టీబీ తగ్గాక ఆమె కూడా ఒక గౌను కొనుక్కుని కోరుట్ల పోయింది, పిల్లను తెచ్చుకుందామని. కొనేటప్పుడు తను ఇచ్చిన పది నెలల పిల్లే కళ్ల ముందుంది. అక్కడికి పోతే రెండేళ్ల పిల్ల వాకిట్లో పరుగెడుతోంది. గౌను మెడ దగ్గరే ఆగిపోయింది. ఎత్తుకోబోతే పిల్ల కెవ్వున ఏడ్చి రాజవ్వ కాళ్లకు చుట్టుకుంది. సారక్క తర్వాతి బస్సుకే తిరిగొచ్చింది. ఆ తర్వాత బస్సు హారన్ వినిపిస్తే చాలు, ఎవరో ఎక్కడికో పోతున్నారని ఆమె చేతిలో పని వదిలేసి లేస్తుంది. ఎవరు గడప దాటినా వాళ్లు వచ్చేదాకా వాకిట్లోనే కూర్చుంటుంది. అదొక రోగమైంది.

ఇంటర్వెల్ లైట్లు వెలిగాయి. ప్రీతి సమోసాలు తెస్తానని పోయింది.

"ఎప్పుడు కలిపినవ్?" కళావతి తెర వైపు చూస్తూనే అడిగింది.

"గురువారం. పొద్దుగాల."

"ఎవలకు?"

"నీకే బిడ్డా."

"నన్ను అడిగినవా?"

సారక్క సంచి జిప్పు సరిచూసుకుంది.

"గొళ్లెం పెట్టిన్రా అని వందమాట్ల అడుగుతవ్. గీ ముచ్చట అడుగనీకి నోరు రాలే?"

"వద్దంటవని..."

"వద్దంటనని అడుగలే. అవునంటనో లేదో నువ్వే అనుకున్నవ్, నువ్వే కలిపినవ్, నువ్వే పట్టుకచ్చినవ్. పొయ్యకపోతే పాపమని నా నెత్తిన పెడ్తవ్. గప్పుడు గట్లనే, గిప్పుడు గట్లనే."

ప్రీతి మూడు సమోసాలతో వచ్చింది. ఇద్దరి మొహాలూ చూసి, ఒక సమోసా తనే రెండు ముక్కలు చేసుకుని తినడం మొదలుపెట్టింది.

రెండో సగం పొడుగైంది. మేడలు ఇంకా పెరిగాయి, ఆకాశం కిందికి దిగింది, తాడు ఒక చుక్క నుంచి ఇంకో చుక్కకు కట్టి ఉంది. సారక్కకు అలసటగా ఉంది. సంచి బరువుకు తొడలు తిమ్మిరెక్కాయి. ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి జరుపుకుంది. కింద ఏదో తడి, చెప్పుకు అంటుకుంటోంది. గేటు మనిషి చెప్పింది నిజమే. రెండు చేతులతో సంచిని పైకెత్తి పట్టుకుంది.

"ఇటియ్యి" అంది కళావతి.

"వద్దు బిడ్డా, బరువు..."

"ఇయ్యి అంటున్న గదా. నీ చేతులు గజగజ వణుకుతున్నయ్. ఒలకబోస్తవా ఏంది నడుమల?"

కళావతి సంచి తీసుకుని తన ఒడిలో పెట్టుకుంది. సినిమా అయ్యేదాకా కదలలేదు.

చివరికి మేడలన్నీ ఒకటయ్యాయి. ఆ ఆడమనిషే వందల మంది అయింది. చేతుల్లో తడి బట్టలతో అందరూ ఒకే తాడు కింద నిలబడ్డారు. ఎవరి ఇంటికి ఎవరు పోవాలో తెలియక, ఒకరి పిల్లల బట్టలు ఒకరు మడతపెట్టి ఇచ్చుకున్నారు. ముక్కు చీదిన చప్పుళ్లు వినబడ్డాయి. తర్వాత పేర్లు పడటం మొదలైంది. జనం లేచారు.

"ఆగుండ్రి, పేర్లయినంక ఇంకొక సీను ఉన్నది" అంది ప్రీతి. ముగ్గురూ కూర్చున్నారు. ఊడ్చేవాళ్లు పైవరస నుంచి మొదలుపెట్టారు.

"బాగ తీసిండు" అంది కళావతి, కాసేపటికి. "ఆమె రైక చేతులు మాత్రం ఒక్కదానికీ సరిగ కుట్టలే. కని, ఒకటి చూసినవా చిన్నమ్మా? అన్ని ఇండ్లు తిరిగింది. అన్ని ఇండ్లల్ల ఏడ్చింది. ఏ ఇంట్ల గూడ పిల్లను అడుగలే, నేనుండాల్నా పోవాల్నా అని."

సారక్క చేతులు ఇప్పుడు ఖాళీగా ఉన్నాయి. ఏం చేయాలో తెలియక ఒకదాన్నొకటి పట్టుకున్నాయి.

"నేనొకసారి వచ్చిన బిడ్డా. నిన్ను తోల్కపోదామని."

"ఎరుకే. అవ్వ చెప్పింది. నీ గౌను పెట్టెల దాచింది. పట్టని గౌను ఎందుకు దాచినవే అంటే, మీ చిన్నమ్మది, పారెయ్యద్దు అన్నది."

"నన్ను చూసి ఏడ్చినవ్ నువ్వు."

"పది నెలలప్పుడు ఏడువలేదా? అవ్వ ఎత్తుకపోతుంటే ఏడువలేదా నేను? గప్పుడు ఇచ్చినవ్ గదా."

సారక్క నలభై మూడేళ్లుగా ఎన్నో జవాబులు తయారుచేసి పెట్టుకుంది. డాక్టర్ మాట, దగ్గు, అక్క ఒంటరితనం. అవన్నీ నిజాలే. ఒక్కటీ నోటిదాకా రాలేదు.

"ఏడ్చినవ్" అంది. "సిరిసిల్ల బస్టాండు అంతా ఇనబడ్డది."

కళావతి సంచి జిప్పు మీద చేయి పెట్టింది. ప్రీతి అటు తిరిగి ఫోన్ చూసుకుంటోంది. చూడటం లేదు, ఫోన్ తెర నల్లగా ఉంది.

"కళావతీ" అంది సారక్క. "ఇప్పుడు అడుగుతున్న. కలిపినంక అడుగుడు తప్పే. కని, అడుగుతున్న. నీకు ఒడిబియ్యం పొయ్యాల్నా? వద్దంటే వద్దని చెప్పు. నేనేమనుకోను. మానేరు వాగుల కలిపి ఇంటికి పోత."

పేర్లు అయిపోయాయి. ఆఖరి సీను వచ్చింది. ఖాళీ మేడ, ఖాళీ తాడు, తాడు మీద ఒక పిట్ట. అంతే. లైట్లు వెలిగాయి.

"గిందుకు కూసోబెట్టినవానే మమ్ముల?" అంది కళావతి కూతురితో. లేచి, సంచి నడుము మీద పెట్టుకుంది, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు. నాలుగు మెట్లు దిగాక ఆగింది. "జగిత్యాలల పొయ్యద్దు. సిరిసిల్లకు నేను రాను. నా పుట్టిల్లు కోరుట్ల. మా అవ్వ ఇంట్ల పోస్తనంటే పొయ్యి. రేపు సోమవారం, మంచిగనే ఉంటది."

రాజవ్వ ఇంటి తాళం కళావతి దగ్గరే ఉంది. సోమవారం పొద్దున ముగ్గురూ కోరుట్ల పోయి తలుపు తీశారు. రెండు గదులు. ఏడాది దుమ్ము. ప్రీతి ఊడ్చింది, సారక్క గడపకు పసుపు రాసింది. కళావతి గోడ మీది రాజవ్వ ఫొటో తుడిచి, దాని కింద పీట వేసింది. పక్కిళ్ల నుంచి ఇద్దరు ముత్తైదువలను పిలిచింది. వాళ్లలో పెద్దావిడ సారక్కను ఎగాదిగా చూసింది.

"నువ్వేమైతవవ్వా కళావతికి?"

ఆకుపచ్చ చీర కట్టుకుని పీట మీద కూర్చున్న కళావతి తలెత్తలేదు. ప్రీతి చీపురు పట్టుకుని అలాగే నిలబడింది. సారక్కకు తెలుసు, ఇప్పుడు ఏమన్నా ఎవరూ కాదనరు. ఫొటోలోని మనిషి కూడా కాదనదు.

"చిన్నమ్మను" అంది. "రాజవ్వ చెల్లెను."

"అట్లనా. తల్లి లేనప్పుడు చిన్నమ్మ పోసుడే కరెక్టు" అంది పెద్దావిడ తృప్తిగా.

సారక్క దోసిలి నిండా బియ్యం తీసింది. ఒక్క గింజ జారినా అపశకునమేమోనని భయం. కళావతి కొంగు పట్టుకుని ఒడి వెడల్పు చేసింది. ఐదు దోసిళ్లు. ఐదోసారి వేళ్ల సందుల్లోంచి నాలుగు గింజలు కింద పడ్డాయి. కళావతి వంగి ఒక్కొక్కటీ ఏరి ఒడిలో వేసుకుంది. సారక్క కుడుకలు పెట్టింది, పోకలు, ఖర్జూరాలు పెట్టింది, నుదుట బొట్టు పెట్టింది. మిగిలిన ఇద్దరూ పోశారు. పెద్దావిడ వంగి కళావతి ఒడి ముడి గట్టిగా కట్టింది.

ఒడి నిండిన ఆడబిడ్డ పుట్టింటి నుంచి అంతా ఎత్తుకుపోదు. ఐదు పిడికిళ్లు తీసి అక్కడే వదిలిపోతుంది, ఆ ఇల్లు ఖాళీ కాకుండా. కళావతి లేచి, వంటింట్లో రాజవ్వ బియ్యపు డబ్బా మూత తీసింది. ఒక పిడికిలి వేసింది. రెండు. మూడు. రేకు డబ్బా అడుగున గింజలు గలగలమన్నాయి. అక్కడ ఆగి, సారక్క వైపు తిరిగింది.

"కొంగు పట్టు చిన్నమ్మా."

"ఎందుకు బిడ్డా?"

"పట్టు అంటున్న గదా."

సారక్క కొంగు చాచింది. కళావతి అందులో రెండు పిడికిళ్లు వేసి, కొస మెలిపెట్టి తనే ముడి వేసింది. దర్జీ చేతి ముడి, ఊడేది కాదు.

"కలిపిన బియ్యం మల్ల ఇంటికి తీస్కపోవద్దంటరు" అంది సారక్క భయంభయంగా.

"నువ్వు తెచ్చినయి గావు ఇవి. నేనిస్తున్నయి. చిన్నాయినకు వండిపెట్టు" అంది కళావతి. లస్మయ్యను ఆమె ఎప్పుడూ ఏమీ పిలిచేది కాదు. ముడి ఇంకోసారి బిగించి, "నాయినకు" అని దిద్దుకుంది. "నీకు గూడ వండుకో. మెత్తగ వండుకో, పండ్లు లేవు నీకు."

తలుపుకు తాళం పడింది. బస్టాండులో ప్రీతి, కళావతి జగిత్యాల బస్సెక్కారు. సారక్క చేయి ఊపలేదు. ఎప్పుడూ ఊపదు. బస్సు మలుపు తిరిగేదాకా, ఆ తర్వాత కూడా కాసేపు, అటే చూస్తూ నిలబడింది.

వేములవాడ బస్సు ఆడవాళ్లతో కిక్కిరిసి ఉంది. కండక్టర్ ఆమె దగ్గరికొచ్చి కార్డు అడిగింది. సారక్క ఒక చేత్తో కడ్డీ పట్టుకుంది. ఇంకో చేత్తో కొంగు ముడి పట్టుకుంది.

"చేతులు ఖాళీ లేవు బిడ్డా" అంది. "సంచిల ఉన్నది, నువ్వే తీస్కో."

సంచి కింద, కాళ్ల దగ్గర పడి ఉంది.